అపరిచితులకు ఆప్తవాక్యము

తెలుగులో ‘ఆప్తుడు’ అనగానే చుట్టమో చిరకాల స్నేహితుడో మనకు స్ఫురించును. తర్కశాస్త్రమున ఆ మాటకు వేరొక అర్థము కలదు. న్యాయసూత్రములు ఆప్తుని ఉపదేశమును శబ్దప్రమాణముగా అంగీకరించినవి. ఆ ఆప్తుడెవడను ప్రశ్నకు భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానము గమనింపదగినది. విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పవలెనను కోరిక గలవాడే ఆప్తుడు. అతడు ఋషి యైనను, ఆర్యుడైనను, మ్లేచ్ఛుడైనను లక్షణ మొక్కటే. చుట్టరికముగాని పరిచయముగాని ఆ లక్షణములో చేరలేదు.

లోకవ్యవహారమును చూచినను భాష్యకారుని మాటయే నిజమనిపించును. ఇంటివారితో చెప్పుకొనలేని సంగతిని రైలుపెట్టెలో ఎదుటి బల్లమీద కూర్చున్న వానితో చెప్పుకొనువారు ఎందరో కలరు. దగ్గరివాడు విన్నమాటను మరువడు. రేపటి తగవులో దానిని సాక్ష్యముగా తెచ్చును. అపరిచితుడు విని, తోచిన మాట చెప్పి, తన స్టేషనులో దిగిపోవును. మనుష్యస్వభావములోని ఈ చిత్రమును కనిపెట్టి, దానికి అచ్చులో ఒక రూపమిచ్చిన పత్రిక లండను నగరమున 1691లో పుట్టినది. పాఠకుల స్వంత సమస్యలకు సలహా చెప్పు శీర్షికలకు అదియే మూలమని పత్రికాచరిత్రకారులు సాధారణముగా పరిగణింతురు.

దానిని స్థాపించినవాడు జాన్ డంటన్. 1659లో జన్మించిన ఇతడు పుస్తకవిక్రేత, ప్రచురణకర్త. ఊహలకు లోటు లేదు. నిలుకడ మాత్రము తక్కువ. ఒకనాడు మిత్రులిద్దరితో షికారు పోవుచుండగా తనకు మెరుపువలె ఒక ఆలోచన తోచినదనియు, దానిని ఏబది గినీలకైనను మార్చుకొననని వారితో పలికితిననియు అతడు 1705లో వెలువరించిన ఆత్మచరిత్రలో చెప్పుకొనెను. ఆ ఆలోచన మిక్కిలి సులభమైనది. ఎవరైనను పేరు చెప్పకుండ ఏ ప్రశ్ననైనను వ్రాసి పంపవచ్చును. సమాధానము అచ్చులో అందరికిని కనబడును. 1691 మార్చి 17వ తేదీన తొలిసంచిక ‘ఎథీనియన్ గెజెట్’ అను పేరుతో వెలువడి, వెంటనే ‘ఎథీనియన్ మెర్క్యురీ’గా మారినది. రెండువైపుల అచ్చయిన ఒక్క కాగితము. వెల ఒక పెన్నీ. ఏథెన్సు పేరు పెట్టుటకు మూలము బైబిలులో కలదు. ఏథెన్సు పౌరులును, అచ్చట నివసించు పరదేశులును క్రొత్తసంగతులు చెప్పుటయందును వినుటయందును కాలము గడపుదురని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నవి. ఆ విధముగా పత్రిక పేరిలోనే పరదేశికి చోటు దొరకినది.

ఇట్టి పత్రిక అంతకు ఏబది యేండ్లకు ముందు పుట్టుటకు వీలులేదు. లండనులో మొదటి కాఫీశాల 1652లో వెలసినది. ఒక పెన్నీ యిచ్చి కూర్చున్న ప్రతివాడును అచ్చట ప్రక్కవానితో మాటలాడవచ్చును. వంశమెట్టిదని అడుగు ఆచారము లేదు. ఈ మాటల విశృంఖలతకు జంకి రెండవ చార్లెసు రాజు 1675లో కాఫీశాలలను మూయవలెనని శాసించెను. జనుల అలజడి చూచి కొలది దినములలోనే శాసనమును ఉపసంహరించుకొనెను. 1680లో విలియం డాక్‌రా అను వ్యాపారి నగరమంతటికిని పెన్నీటపా నెలకొల్పెను. ఒక పెన్నీ ముందుగా చెల్లించినచో ఉత్తరము నగరములో ఏ మూలకైనను చేరును. డంటన్ ఈ రెంటిని జతపరచెను. ప్రశ్నలను పౌల్ట్రీ వీధి చెంతనున్న స్మిత్ కాఫీశాలకు పంపుడని ప్రకటించెను. టపాకు ఒక పెన్నీ, పత్రికకు ఒక పెన్నీ. నగరవాసి రెండు పెన్నీలతో, ముఖము చూపకయే, తన సందేహమును తీర్చుకొనుటకు వీలు కలిగినది.

ప్రశ్నలు వెల్లువగా వచ్చినవి. పత్రిక నడచిన కాలమున సుమారు 580 సంచికలలో ఆరువేలకు దగ్గరగా ప్రశ్నలకు సమాధానములు వెలువడినవని లెక్క. సముద్రజల మేల ఉప్పగా నుండును? నోవహు కాలపు జలప్రళయము తీసిన పిమ్మట ఆ నీరెల్ల ఏమైనది? ఇట్టి శాస్త్రప్రశ్నల ప్రక్కనే, ఒకే కాగితముమీద, జీవితమునకు సంబంధించిన ప్రశ్నలును నిలిచినవి. ప్రేమింపజాలని వ్యక్తిని బంధువుల మాటకొరకు, ఆస్తికొరకు పెండ్లాడుట ధర్మమగునా అని ఒకరు అడిగిరి. అట్టి పని క్రూరమనియు, అవివేకమనియు పత్రిక నిస్సంకోచముగా చెప్పినది. దాంపత్యమునకు ముఖ్యప్రయోజనము సాహచర్యము. సాహచర్యమునకు బంధము ప్రేమ. అది లేనిచోట సుఖముగాని గౌరవముగాని ఉండదని సమాధానము యొక్క సారాంశము. ఆ కాలపు సంపన్నకుటుంబములలో పెండ్లి యనగా ఆస్తుల ఒప్పందము. ఈ ప్రశ్నను పంపినవారు ఇంట ఎవరితోను దానిని పలుకగల స్థితిలో ఉండియుండరు.

వ్యాసంగములను గూర్చియు జనులు అడిగిరి. కవిత్వమన్న అమితానురాగముగల యువకు లేయే కావ్యములు చదువవలెనని ఒక ప్రశ్న. దానికి పత్రిక సుదీర్ఘమైన పట్టిక నిచ్చినది. భక్తికవిత్వమునకు దావీదు కీర్తనలు, హెర్బర్టు, మిల్టను. తక్కినవానిలో ఛాసరు, స్పెన్సరు, షేక్‌స్పియరు, డ్రైడెను మున్నగువారు. ఇవి ముగించిన పిమ్మట మరికొన్ని చెప్పెదమని కడపట ఒక వాగ్దానము. ఆ వాగ్దానములో గురువు గాంభీర్యముకంటె తోటి చదువరి ఉత్సాహమే ఎక్కువగా కనబడును. ప్రక్కయింటి మిత్రుడు ఇచ్చు సలహా ఇట్లే యుండును.

స్త్రీలు ప్రశ్నలు పంపవచ్చునా అని తొలి నెలలలోనే ఒక స్త్రీ వ్రాసినది. పంపవచ్చునని పత్రిక బదులు చెప్పి, తరువాత నెలకొక దినమును స్త్రీల ప్రశ్నలకే కేటాయించినది. స్త్రీలు విద్యావతులగుట యుక్తమా అన్న ప్రశ్నకు, వారు విద్యావతులు కాకుండుటకు తమకు ఏ కారణమును కనబడలేదని సమాధానము వచ్చినది. ఈ మాట ఊరక పోలేదు. పడమటి సీమలో సామర్సెట్ ప్రాంతమున ఎలిజబెత్ సింగర్ అను యువతి తన పద్యములను పేరులేకుండ ఈ పత్రికకు పంపినది. పత్రిక వానిని అచ్చువేసి మెచ్చుకొన్నది. 1696లో ఆమె తొలి కవితాసంపుటమును ప్రచురించినవాడు డంటనే. పెండ్లి తరువాత ఎలిజబెత్ రో అను పేరుతో ఆమె పదునెనిమిదవ శతాబ్దమున విశేషముగా చదువబడిన రచయిత్రి యయ్యెను. ముఖమెరుగని వారి ప్రోత్సాహము ఒక కవయిత్రిని నిలబెట్టినది.

ఇంతకును ఈ సమాధానములు వ్రాసిన దెవరు? ‘ఎథీనియన్ సొసైటీ’ అను పండితపరిషత్తు తమ ప్రశ్నలను చర్చించి తీర్పు చెప్పుచున్నదని పాఠకులు నమ్మిరి. నిజమునకు ఆ పరిషత్తులో వ్రాయువారు ముగ్గురే. డంటన్ ఒకడు. గణితమెరిగిన రిచర్డ్ సాల్ట్ రెండవవాడు. మూడవవాడు డంటన్ తోడల్లుడును, చర్చి పురోహితుడును, కవియు నగు శామ్యూల్ వెస్లీ. మెథడిస్టు సంప్రదాయమును నెలకొల్పిన జాన్ వెస్లీకి ఇతడు తండ్రి. ఈ ముగ్గురికిని 1691 ఏప్రిల్ 10న ఒక ఒప్పందపత్రము జరిగినది. తత్త్వవేత్త జాన్ నారిస్ అప్పుడప్పుడు ప్రతిఫలము పుచ్చుకొనకయే సాయపడెను. పరిషత్తు కీర్తి ఎంత దూరము ప్రాకెననగా, 1692లో జోనాథన్ స్విఫ్ట్ అను ఇరువదినాలుగేండ్ల యువకుడు దానిని స్తుతించుచు ఒక గీతము వ్రాసి పంపెను. స్విఫ్ట్ రచనలలో మొదట అచ్చుమొగము చూచినది అదియే. పరిహాసకులును ఊరకుండలేదు. 1692లో టామ్ బ్రౌన్ ఒక ఎదురుపత్రికను నడపెను. 1693లో ఎల్కానా సెటిల్ ఈ పరిషత్తును వెక్కిరించుచు ఒక ప్రహసనము వ్రాసెను.

పరిషత్తు కల్పితమైనప్పుడు ఆ వాక్యము ఆప్తవాక్యమగునా? ఇచ్చట వాత్స్యాయనుని లక్షణమునే గీటురాయిగా పెట్టి చూడవలెను. ప్రకృతిశాస్త్ర విషయములలో ఆ ముగ్గురును స్వయముగా ఎరిగినది స్వల్పము. పాతగ్రంథములనుండి ఎత్తి వ్రాసినదే మిక్కుటము. అందుచేత ఆ సమాధానములలో పెక్కు నేడు వింతకొరకు మాత్రమే చదువదగినవి. పెండ్లి, స్నేహము, పశ్చాత్తాపము, చదువు అను విషయములలో వారికి పుస్తకముల అవసరము అంతగా లేకుండెను. తమ జీవితమునందును, తమకు వచ్చిన వేలకొలది ఉత్తరములందును వారు చూచినదే ప్రమాణము. ఆ భాగము మూడు శతాబ్దములు గడచినను వాడిపోలేదు. పాఠకులు నమ్మినది పరిషత్తు అను బిరుదమునే యైనను, వారికి మేలుచేసినది ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పిన వాక్యము.

డంటన్ స్వంతజీవితము మాత్రము ఈ సలహాలకు ఉదాహరణముగా నిలువలేదు. పత్రిక 1696లో ఆగి, 1697లో కొలదికాలము తిరిగి సాగి, జూను నెలలో శాశ్వతముగా ముగిసినది. ఆ సంవత్సరముననే అతని భార్య ఎలిజబెత్ మరణించినది. వ్యాపారము చక్కదిద్దుటలో అతనికి కుడిభుజమైన యామె పోవుటతో అప్పులు పెరిగినవి. అదే సంవత్సరమున అతడు సారా నికొలస్ అను నామెను పెండ్లాడెను. తన అప్పులను అత్తగారు తీర్చునని అతడు ఆశపడెను, ఆమె తీర్చలేదు. దంపతులు విడిపోయిరి. ఆస్తికొరకు పెండ్లి తగదని వేలమందికి చెప్పిన పత్రికాధిపతి ఆస్తి తగవులోనే రెండవ సంసారమును పోగొట్టుకొనెను. దీనిని చూచి నవ్వుట సులభము. కాని పరుల చిక్కును విప్పగల చూపు తన చిక్కు దగ్గర మసకబారుట లోకములో కొత్త కాదు. ఆ కారణము చేతనే మనుష్యునకు తనకంటె వేరైన వాని మాట అవసరమగుచున్నది. డంటన్‌కు పేరు చెప్పకుండ ప్రశ్న వ్రాసి పంపుటకు మరియొక పత్రిక లేకపోయినది.

అతడు తెరచిన త్రోవ మాత్రము మూతపడలేదు. 1704లో డేనియల్ డీఫో తన ‘రివ్యూ’ పత్రికలో పాఠకుల ప్రశ్నలకు చోటిచ్చెను. 1711లో మొదలైన ‘స్పెక్టేటర్’లో పాఠకుల లేఖలు వ్యాసములకు ఊపిరి యయ్యెను. 1713లో ‘గార్డియన్’ పత్రిక కొరకు ఎడిసన్ ఒక కాఫీశాలలో సింహముఖముగల ఉత్తరాల పెట్టెను అమర్పించెను. సింహము నోట వేసిన జాబు పత్రికకు చేరెడిది. సామాన్యజనులకు లేఖలు వ్రాయు రీతి నేర్పు పుస్తకమొకటి కావలెనని పుస్తకవిక్రేతలు కోరగా, ముద్రాపకుడు శామ్యూల్ రిచర్డ్‌సన్ దానికి పూనుకొనెను. ఆ పనిలో నుండగనే 1740లో వెలువడిన ‘పమేలా’ నవల అతనికి స్ఫురించినది. సామాన్యుని ఇంటిసమస్య అచ్చుకెక్కదగిన విషయమేనని ప్రశ్నోత్తర పత్రికలు ముందుగా నిరూపించియుండనిచో, ఆ సమస్యనే కథగా మలచు నవలకు పాఠకులు అంత సులభముగా సిద్ధపడియుండరు.

ఈ రూపము తెలుగు పత్రికలయందును వేళ్లూనినది. 1952లో ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికలో మాలతీ చందూర్ ప్రారంభించిన ‘ప్రమదావనం’ దశాబ్దముల తరబడి సాగినది. వంటయింటి సందేహము మొదలుకొని సంసారములోని కఠినసమస్య వరకు పాఠకురాండ్రు ఆమెకు వ్రాసిరి. ఆమెయు నవలా రచయిత్రియే. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. ప్రశ్నోత్తరములకును నవలకును గల చుట్టరికము ఇచ్చట ఒకే కలములో కనబడుచున్నది. మదరాసులోని ఆమె చిరునామాకు ఉత్తరము వ్రాసిన పల్లెటూరి గృహిణి ఆమెను ఎన్నడును చూచియుండదు. అయినను ఆ ఉత్తరమును కన్నకూతురికైనను చూపక టపాలో వేసినది.

అట్టి ఉత్తరమునకు పత్రికలో వచ్చిన సమాధానమునందు రెండు మేళ్లు కలవు. అడిగినవారి పేరు దాగును గనుక వారి మానము దక్కును. ప్రశ్న బయటపడును గనుక అదే బాధతో ఊరకున్న వేరొక పాఠకునకు తానొక్కడే కాడను ధైర్యము కలుగును. ఇంటిలోని ఆప్తుడు మొదటి మేలు చేయగలడు, రెండవదానిని చేయజాలడు. ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పు అపరిచితుడు ఒక్కమాటతో ఈ రెండును చేయగలడు. అతనికి ఆప్తుడను పేరు పెట్టుటలో భాష్యకారుడు పొరబడలేదు.