ముప్పదిమూడేండ్ల పిదప స్నాతకము

మన గృహ్యసూత్రములలో స్నాతకులు మూడు విధములవారని చెప్పబడియున్నది. గురుకులమునందు విధింపబడిన కాలమును, నియమమును ముగించి, వేదమును మాత్రము ముగింపక యింటికి మరలినవాడు వ్రతస్నాతకుడు. వేదమును ముగించి, నియమకాలము తీరకమునుపే మరలినవాడు విద్యాస్నాతకుడు. రెండును ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. ఈ విభాగమును బాల్యమున మా గురువుగారు చెప్పగా వల్లించితిని. కాని మొదటి తరగతివాడు, అనగా చదువును సగములో విడిచి వచ్చినవాడు, ఎప్పుడైనను తిరిగిపోయి శేషమును పూర్తిచేయవచ్చునా యను ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. నేను ఉద్యోగము విరమించిన తరువాతనే అది తట్టినది. తట్టించినవాడు పండితుడు కాడు. ఇంగ్లండు దేశమున గిటారు వాయించు నొక రాక్ సంగీతకారుడు.

ఆతని పేరు బ్రయన్ మే. 1970వ సంవత్సరమున లండను నగరములో వెలసిన ‘క్వీన్’ అను సంగీతబృందమునకు ఆతడు గిటారు వాద్యకారుడు. ఆ బృందపు గాయకుడైన ఫ్రెడీ మెర్క్యురీ జన్మచే పార్సీ. 1946లో జాంజిబారు దీవిలో పుట్టి, బొంబాయి ప్రాంతమునందలి పంచగనిలో చదువుకొన్నవాడు. కనుక ఆ బృందము మనకు బొత్తిగా పరాయిది కాదు. ఐనను ఆ సంగీతమును గూర్చి తీర్పు చెప్పుటకు నేను తగను. నా చెవి త్యాగరాజస్వామివారి కీర్తనలకు అలవాటుపడినది. నేడు నేను మనవి చేయబోవునది ఆతని పాటలను గూర్చి కాదు, ఆతని చదువును గూర్చి.

మే 1947వ సంవత్సరము జూలై 19వ తేదీన లండను చెంతనున్న హాంప్టన్ ప్రాంతమున జన్మించెను. తండ్రి హెరాల్డు యంత్రముల నమూనాపటములు గీయు నుద్యోగి, చేతిపనియందు నేర్పరి. మంచి గిటారు కొనుటకు ధనము చాలక, తండ్రియు కొడుకును 1963లో తామే యొకదానిని చేయ మొదలిడిరి. పాత యింటిలో చలికాచుకొను నిప్పుగూటికి బిగించియున్న మహాగని చెక్కను తెచ్చి దానికి దండి చేసిరి. తంత్రులను వంచు మీటకు మోటారుసైకిలు స్ప్రింగులను అమర్చిరి. మెట్ల గుర్తులకు తల్లి కుట్టుపని పెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలను పొదిగిరి. పని ముగియుటకు రమారమి రెండేండ్లు పట్టెను. తరువాతి కాలమున ఆతడు లక్షల జనుల యెదుట వాయించినది ఆ గిటారునే. 2002లో ఎలిజబెత్తు రాణిగారి స్వర్ణోత్సవమున బకింగుహాము భవనపు డాబాపై నిలిచి వాయించినదియు అదియే. ఈ తండ్రికొడుకుల ముచ్చటను మనసున నుంచుకొనుడు. దీనితో మరల పని యున్నది.

1968లో లండనునందలి ఇంపీరియల్ కాలేజిలో మే భౌతికశాస్త్రమున పట్టము పొందెను. 1970లో అచటనే పరిశోధకుడుగా చేరెను. ఆతడు ఎన్నుకొన్న విషయము రాశికాంతి.

ఇది యేమందురా? చంద్రుడు లేని రాత్రి, సంధ్యారాగము పూర్తిగా అణగిన పిమ్మట పడమటను, లేదా తెల్లవారుటకు ముందు తూర్పునను, నేలయంచునుండి గోపురమువలె లేచి పైకి పోనుపోను సన్నగిలు పాలవన్నె వెలుగొకటి కానవచ్చును. అది మేషవృషభాది రాశుల దారి వెంబడి ప్రాకును గనుక దానికి ఆ పేరు. మహమ్మదీయ విద్వాంసులు దీనిని బూటకపు వేకువ యని పిలిచి, దీనిని చూచి ఉపవాసమునకు వేళయైనదని భ్రమపడవలదని చెప్పిరి. ఐరోపాలో 1683లో కసీని అను ఖగోళశాస్త్రజ్ఞుడు దీనిని శ్రద్ధగా పరిశీలించెను. గ్రహముల నడుమ వ్యాపించియున్న సన్నని ధూళిపై సూర్యకిరణములు పడి చెదరుటయే ఈ వెలుగు. తోకచుక్కలు విడిచిన పొడియు, లఘుగ్రహములు ఒండొంటిని ఢీకొన్నప్పుడు రాలిన పొడియు ఆ ధూళియందు గలవు.

ఆ ధూళి నిలకడగా నున్నదా, తిరుగుచున్నదా? తిరిగినచో గ్రహములు తిరుగు దిక్కుననేనా, ఎదురుగానా? ఇదియే మే చేపట్టిన ప్రశ్న. స్టేషనును సమీపించు రైలుబండి కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోయిన బండి కూత తగ్గుస్థాయిలోను వినబడుట మీరు ఎరుగుదురు. వెలుగునకును అట్టి ధర్మమే కలదు. సూర్యకాంతిని వర్ణపటముగా విడదీసినచో అందు మెగ్నీసియము వలన ఏర్పడిన నల్లని గీత యొకటి యుండును. ధూళినుండి మరలివచ్చిన కాంతిలో ఆ గీత తన చోటినుండి ఎంత జరిగినదో కొలిచినచో ఆ ధూళి వేగము తెలియును. చెప్పుటకు సులువే. కాని ఆ వెలుగు మిక్కిలి మందమైనది, గీత జరుగుట అత్యల్పము. ఇందుకై స్పెయిను దేశపు కానరీ దీవులలోని టెనెరీఫు పర్వతముపై, సముద్రమట్టమునకు ఇంచుమించు 2400 మీటర్ల యెత్తున ఇజానా యనుచోట, ఆతడు 1971, 1972 సంవత్సరములలో రాత్రులు మేల్కొని కొలతలు తీసెను. సహచరులతో కలిసి వ్రాసిన పరిశోధన వ్యాసములు రెండు ప్రసిద్ధ శాస్త్రపత్రికలలో వెలువడెను. జీవనమునకై కొంతకాలము లండనులో ఒక పాఠశాలయందు గణితము కూడ బోధించెనట. ఆతనియందు నాకు ఆదరము కలుగుటకు ఇదియు నొక కారణమని యొప్పుకొందును.

ఇంతలో పాట ముందుకు వచ్చెను. క్వీన్ బృందపు మొదటి గీతసంపుటి 1973లో వెలువడెను. 1974లో అమెరికా యాత్ర వచ్చిపడెను. సిద్ధాంతవ్యాసము చాలవరకు వ్రాయబడియే యుండెను. ఇంకను కొంత దిద్దుబాటు, కొంత చేర్పు మిగిలెను. దానికి తీరిక చిక్కలేదు. ఆతడు కాలేజిని విడిచెను. గురుకులమున కాలమును గడిపి, విద్యను ముగింపక లేచివచ్చిన వ్రతస్నాతకుడయ్యెను.

తండ్రికి ఇది పెద్ద దెబ్బ. కొడుకు పండితుడగునని యుండగా, చేజేతుల చేసియిచ్చిన గిటారే వానిని చదువునుండి లాగుకొనిపోయెను! తరువాత కొంతకాలమునకు కొడుకు తల్లిదండ్రులను న్యూయార్కు నగరమునకు రప్పించి, మాడిసన్ స్క్వేర్ గార్డెనులో తన కచేరీ చూపించగా తండ్రి మనసు కుదుటబడెనని మే స్వయముగా చెప్పియున్నాడు. ఆ తండ్రి 1988లో గతించెను. 1991లో మెర్క్యురీయు గతించెను.

కీర్తి, ధనము, రాజసమ్మానము, అన్నియు మేకు చేకూరెను. 2002లో హెర్ట్‌ఫర్డుషైరు విశ్వవిద్యాలయమువారు ఆతనికి గౌరవ డాక్టరు పట్టమును కూడ ఇచ్చిరి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చినట్లు అదియు ఆదరముతో ఇచ్చినదే. దానిని పేరునకు ముందు తగిలించుకొని తృప్తిపడువారు లోకమున తక్కువ కారు. ఎవరిని ఉద్దేశించి ఈ మాట అనుచున్నానో శ్రోతలు వెదకనక్కరలేదు, అట్టివారు ఊరూరను కలరు. మే మాత్రము సన్మానపు పట్టము వేరు, సంపాదించుకొన్న పట్టము వేరు అని గ్రహించెను. ఖగోళశాస్త్రప్రచారకుడైన పాట్రిక్ మూరు ఆతనికి చిరకాలమిత్రుడు. మూరు, లింటాటు అనువారితో కలిసి 2006లో మే విశ్వచరిత్రను గూర్చి జనులకు తెలియు రీతిలో ఒక గ్రంథము ప్రకటించెను. సిద్ధాంతవ్యాసమును ముగింపుమని మూరు ప్రోత్సహించెను. ఆ యేడే మే ఇంపీరియల్ కాలేజిలో మరల పేరు నమోదు చేయించుకొనెను. ఆచార్యుడు మైకేల్ రోవన్ రాబిన్సన్ ఆతనికి మార్గదర్శి.

ఇచట సందేహమొకటి కలుగును. ముప్పదియేండ్లనాటి కొలతలు నేటి శాస్త్రమునకు పనికివచ్చునా? సాధారణముగా పనికిరావు. కాని ధూళివేగమును ఈ పద్ధతిలో కొలిచినవారు ఆ నడుమ మిక్కిలి కొద్దిమంది. మరొకవైపున ధూళిపై లోకమునకు ఆసక్తి పెరిగెను. 1983లో ఐరాస్ అను ఉపగ్రహము సూర్యకుటుంబములోని ధూళియందు పట్టీలవంటి విభాగములున్నవని చూపెను. అటుపిమ్మట ఇతర నక్షత్రముల చుట్టును అట్టి ధూళిచక్రములు అనేకము కనబడెను. ఇజానా పర్వతముపై తీసిన కొలతలకు వయసు మీరలేదు, విలువయే హెచ్చెను. ఐనను నడుమ గడచిన ముప్పదియేండ్లలో ఇతరులు కనుగొన్నదంతయు చదివి, సమీక్షించి, తన ఫలితములతో పోల్చిచూపనిదే వ్యాసము నిలువదు. ఆతడు ఆ శ్రమయంతయు పడెను. ధూళిలో అధికభాగము గ్రహములు తిరుగు దిక్కుననే తిరుగుచున్నదని ఆతని నిర్ణయము.

2007వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన మౌఖికపరీక్ష జరిగెను. అప్పటికి ఆతనికి అరువదియేండ్లు నిండి నెల దాటెను. మనవారు షష్టిపూర్తి చేసికొని పీటలపై కూర్చుండు వయసున ఆతడు పరీక్షకుల యెదుట కూర్చుండెను. ఉత్తీర్ణుడయ్యెను. 2008వ సంవత్సరము మే 14వ తేదీన ఆల్బర్టుహాలులో స్నాతకోత్సవము. సంగీతసభలకు పేరుపొందిన ఆ మందిరమున ఒక సంగీతకారుడు వాద్యము లేక, గౌనుతో వేదిక నెక్కెను. ఆ యేటనే లివర్పూలునందలి జాన్ మూర్స్ విశ్వవిద్యాలయమునకు ఆతడు కులపతియై ఇతరులకు పట్టములిచ్చు పదవిని కూడ వహించెను. 52665వ సంఖ్యగల లఘుగ్రహమునకు ఆ యేడే బ్రయన్‌మే యని పేరు పెట్టిరి.

ఇక అభిమానుల సంగతి. గాయకునకు కొత్త పాట వచ్చినచో అభిమానులు సంతసించుట సహజము. మెగ్నీసియపు గీతను గూర్చిన వ్యాసమునకు సంతసించుట యెట్లు? కాని ఆ వార్త దేశదేశముల పత్రికలయందు వచ్చినప్పుడు వారు అది తమ యింటి శుభకార్యమన్నట్లు పొంగిరి. నాటినుండి ఆతనిని డాక్టర్ మే యని పిలుచుట వారికి అలవాటయ్యెను. సిద్ధాంతవ్యాసములు సాధారణముగా గ్రంథాలయపు బీరువాలలో దుమ్ము క్రింద నుండును. ధూళిని గూర్చిన ఈ వ్యాసము మాత్రము 2008లో గ్రంథముగా అచ్చుపడి అంగడికి వచ్చెను. ఆ సంతోషమునకు కారణము, నా యెరిగినంతలో, ఇది. 1974లో ఆతనితోపాటు యౌవనమున నుండిన శ్రోతలు 2007 నాటికి ఏబదులలోను అరువదులలోను ఉండిరి. వారిలో సగములో విడిచిన పని ఒకటైనను లేనివాడు ఎవడు? ఆతడు తిరిగి వెళ్లిన త్రోవ తమకును తెరచియున్నదని వారికి తోచియుండును.

అయితే న్యాయముగా మాటాడవలెను. ఆతనికి ధనము కలదు, తీరిక కలదు, ఆచార్యులు పేరెరిగి పలుకరించు ఖ్యాతి కలదు. సగములో విడిచిన వారందరికి ఇవి యుండవు. ఈ మాట నేను ఊరక అనుట లేదు. బడిలో నాకొక శిష్యుడుండెను. మృదంగమనిన ప్రాణము. హరికథలకు వాయించుటకై రాత్రులు పోయి, ఉదయమున తరగతిలో కునుకుచుండెడివాడు. రెండు పడవలపై కాళ్లు పెట్టకుమని నేను వానిని పలుమారులు గద్దించితిని. ఒకనాడు అందరి యెదుట, చదువో దరువో యేదో యొకటి తేల్చుకొమ్మంటిని. వాడు తేల్చుకొనెను, మరల బడికి రాలేదు. ఆ పిల్లవానికి అన్నము పెట్టునది ఆ దరువేయని నాకు తరువాత తెలిసినది. నాడు నేను చేసినది బోధన యని యనుకొంటిని. నేడు అట్లనుకొనుట లేదు.

ఏబదియేండ్లు దాటిన తరువాత వాడు సార్వత్రిక విశ్వవిద్యాలయమున చేరి, తెనుగు పుస్తకము చంకబెట్టుకొని మా యింటికి వచ్చెను. “అయ్యవారూ, ఛందస్సు ఒక్కటి చెప్పండి, తక్కినవి నేను చూసుకుంటాను” అనెను. నేను గణవిభజన మొదలిడితిని. నేను రెండవ పద్యమునకు పోవులోపల వాడు బల్లమీద వ్రేళ్లతో దరువు వేయుచు గురులఘువులను తప్పులేకుండ పలికెను. యతిస్థానము వద్ద వాని చేయి తనంతట తాను నిలిచినది. నేను చెప్పవలసినది అంతగా మిగులలేదు.

పోవునప్పుడు వానికి ఈ బ్రయన్ మే కథ చెప్పితిని. వాడు గిటారును గూర్చి అడుగలేదు, ఆ వెలుగు మన ఊరినుండి కనబడునా యని యడిగెను. కనబడును. మాఘఫాల్గుణములలో, అమావాస్య దాపున, ఊరి దీపములు అడ్డురాని మెట్టపొలమునకు పొండు. సూర్యుడు క్రుంకిన గంటన్నరకు పడమటివైపు చూడుడు. ఆశ్వయుజకార్తికములలో అయినచో వేగుజామున లేచి తూర్పు చూడవలెను. కన్నులు చీకటికి అలవాటుపడువరకు కొంతసేపు ఓపిక పట్టుడు.