రాతి నుంచి కర్రకు: నియోక్లాసికల్ ఫర్నిచర్ పరిణామం

1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలయ్యాయి. వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసిన రోమన్ పట్నాల నుంచి చలువరాతి విగ్రహాలు, కంచు దీపస్తంభాలు, రంగు చెడని గోడచిత్రాలు బయటపడ్డాయి. కర్ర సామాను మాత్రం దాదాపు దొరకలేదు. హెర్క్యులేనియంలో బొగ్గై మిగిలిన కొన్నింటిని మినహాయిస్తే, గ్రీకులు, రోమన్లు కూర్చున్న కుర్చీలు, పడుకున్న మంచాలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. అయినా మరో ముప్పై ఏళ్ళలోపే పారిస్, లండన్ వడ్రంగులు ‘ప్రాచీన పద్ధతి’ సామాను తయారుచేసి అమ్మసాగారు. కళ్ళెదుట నమూనా లేని వస్తువును ఎలా చేశారు? మొదట భవనాలను చూసి చేశారు, ఆ తర్వాత కుండల మీది బొమ్మలను చూసి చేశారు. నియోక్లాసికల్ ఫర్నిచర్ చరిత్రలోని రెండు ప్రధాన దశలు ఇవే.

అంతకుముందు ఫ్రాన్సులో రాజ్యమేలింది 15వ లూయీ నాటి రొకోకో. అందులో సరళరేఖకు చోటు లేదు. కుర్చీ కాలు వంకీ తిరుగుతుంది, సొరుగుల బల్ల పొట్ట ముందుకు ఉబుకుతుంది, అంచుల వెంట ఆకులూ గవ్వలూ అల్లుకుపోతాయి. ఈ వంకర్ల పిచ్చిని కొషాన్ అనే చిత్రకారుడు 1754లోనే పత్రికాముఖంగా వెటకరించాడు. అప్పటికే అతను ఇటలీ తిరిగి వచ్చినవాడు. 1757 ప్రాంతంలో లలీవ్ ద జులీ అనే సంపన్నుడు ‘గ్రీకు అభిరుచి’లో ఒక రాతబల్ల చేయించుకున్నాడు. ఇప్పుడు షాంతిల్లీ మ్యూజియంలో ఉన్న ఆ బల్ల నల్లటి ఎబొని తాపడంతో, బంగారు పూత పూసిన కంచు దండలతో, బరువైన నలుచదరపు కాళ్ళతో దర్జాగా కనిపిస్తుంది. అందులో గ్రీకుతనం కన్నా పద్నాలుగో లూయీ నాటి ఆడంబరమే ఎక్కువ. అయినా గీత తిన్నగా నడవడం మళ్ళీ మొదలైంది.

ఆ మార్పు ఎంత నెమ్మదిగా సాగిందో వెర్సాయ్‌లోని రాజుగారి రాతబల్ల చెబుతుంది. మూత గుండ్రంగా దొర్లి మూసుకునే ఈ బల్ల పనిని 1760లో ఓబెన్ మొదలుపెట్టాడు. 1763లో అతను పోయాక, అతని పనిశాలలోని రీజనర్ 1769లో పూర్తిచేశాడు. బల్ల ఒళ్ళు ఇంకా రొకోకో వంపుల్లోనే ఉంది, పైనున్న అలంకారంలో మాత్రం కొత్తగాలి వీస్తోంది. 1774లో 16వ లూయీ గద్దెనెక్కేసరికి వంపులు దాదాపు పోయాయి.

ఆ కాలపు కుర్చీ ఒకటి దగ్గర నుంచి చూస్తే సంగతి బోధపడుతుంది. రొకోకో కుర్చీలో కాలు, కూర్చునే చట్రం ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి, అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు. 16వ లూయీ కుర్చీలో ఆ అతుకు దగ్గరే చతురస్రపు దిమ్మ ఉంటుంది, దాని మీద ఒక గుండ్రటి పువ్వు చెక్కి ఉంటుంది. దిమ్మ కింద నుంచి కాలు గుండ్రంగా, కిందికి పోనుపోను సన్నబడుతూ దిగుతుంది. కాలి పొడవునా నిలువు గాళ్ళు. గుడి స్తంభాన్ని తలకిందులు చేసి కర్రలో దింపినట్టే. బరువు మోసేదేదో, మోయించుకునేదేదో విడదీసి చూపడం వాస్తుశిల్పి పద్ధతి. వడ్రంగి దాన్ని అరువు తెచ్చుకున్నాడు. పనిలోనూ దీనికో లాభముంది. వంకీ కాలు తీయాలంటే మందపాటి దుంగ కోసి చాలా కర్ర వృథా చేయాలి. తిన్నని కాలు సన్నటి కర్రలోనే వస్తుంది, తరిణె మీద త్వరగా తేలుతుంది.

ఇంగ్లండ్‌లో ఈ పని నేరుగా వాస్తుశిల్పి చేతిమీదుగానే జరిగింది. 1754లో ఇటలీ ప్రయాణం పెట్టుకుని 1758లో తిరిగొచ్చిన రాబర్ట్ ఆడమ్, గోడ, పైకప్పు, తివాచీ, కుర్చీ అన్నిటికీ ఒకే తీరు నగిషీ గీసి ఇచ్చేవాడు. రొకోకో నమూనాల పుస్తకంతో పేరు తెచ్చుకున్న చిపెండేల్ సైతం హేర్‌వుడ్ భవనానికి వచ్చేసరికి కొత్త దారి పట్టి, కర్రపొరల తాపడంతో డయానా, మినర్వా దేవతల బొమ్మలున్న సొరుగుల బల్ల చేశాడు. జమీందారుల భవనాలు దాటి ఈ శైలి మధ్యతరగతి ఇళ్ళకు చేరిందంటే అది నమూనా పుస్తకాల చలవే. హెపుల్‌వైట్ పుస్తకాన్ని అతను పోయాక 1788లో అతని భార్య ప్రచురించింది. డాలు ఆకారపు వీపున్న కుర్చీ అతని పేరుతోనే నిలిచింది. షెరటన్ పుస్తకం 1791 నుంచి భాగాలుగా వచ్చింది. పల్లెటూరి వడ్రంగి కూడా బొమ్మ చూసి కొలతలు తీసుకోగలిగాడు.

ఆ గాలి మన తీరానికీ తగిలింది. విశాఖపట్నం కంసాలులు కుంపిణీ దొరల కోసం ఇంగ్లిష్ అచ్చులో కుర్చీలు, పెట్టెలు, బీరువాలు చేసేవారు. మొదట్లో టేకు, జిట్రేగి, ఎబొని కర్రల్లో దంతపు తీగలూ పువ్వులూ పొదిగేవారు. తర్వాత వస్తువు మొత్తాన్నీ దంతపు రేకులతో కప్పి, రేకు మీద సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. 1770 ప్రాంతంలో తయారైన దంతపు కుర్చీలు కొన్ని మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఉండేవి. మూడో జార్జి వాటిని 1781లో రాణి షార్లెట్ కోసం కొన్నాడు. శతాబ్ది చివరికి వచ్చిన విశాఖ పెట్టెల మీద ఐరోపా ముద్రాచిత్రాల నుంచి దించిన స్తంభాల మేడలు కనిపిస్తాయి. రోములోని కట్టడం లండన్‌లో కాగితమెక్కి, విశాఖలో దంతానికెక్కింది.

ఇక రెండో దశ. ఇన్నాళ్ళూ ప్రాచీనుల నుంచి తీసుకున్నది అలంకారమే. కుర్చీ ఆకారం మాత్రం పద్దెనిమిదో శతాబ్దిదే. చిత్రకారుడు డేవిడ్‌కు అది చాలలేదు. తన చారిత్రక చిత్రాల్లో పెట్టుకోవడానికి పాత గ్రీకు, రోమన్ ఆకారాల్లోనే సామాను చేయమని 1780లలో పారిస్ వడ్రంగి జార్జ్ జాకబ్‌కు పురమాయించాడు. గ్రీకు కుండల మీద కనిపించే క్లిస్మోస్ అనే కుర్చీ అలా మళ్ళీ పుట్టింది. వెనక్కి ఒరిగిన వీపు, కత్తిలా బయటికి వంగిన కాళ్ళు దాని గుర్తులు. బొమ్మలో అందంగా ఉన్నది కర్రలో చిక్కు తెచ్చింది. తిన్నని కర్రలోంచి వంపు కాలు కోస్తే నార మధ్యలో తెగి, అక్కడే విరుగుతుంది. అందుకే చాలామంది కుండ మీదున్నంత వంపు తీయకుండా తగ్గించుకున్నారు.

ఫ్రెంచి విప్లవం వచ్చి 1793లో వెర్సాయ్ సామాను వేలం వేసింది, 1791లోనే వృత్తి సంఘాలను రద్దు చేసింది. నెపోలియన్ కాలంలో పెర్సియె, ఫాంటేన్ అనే వాస్తుశిల్పులు గీసిన నమూనాలు ‘ఎంపైర్’ శైలికి ప్రామాణికమయ్యాయి. నున్నటి మహాగని మీద కంచు హంసలు, సింహాలు వెలిశాయి. 1798 ఈజిప్టు దండయాత్ర పుణ్యమా అని స్ఫింక్సులూ చేరాయి. 1806లో ఇంగ్లండ్‌పై విధించిన వాణిజ్య దిగ్బంధం వల్ల మహాగనికి కరువొచ్చి, వడ్రంగులు లేతరంగు దేశవాళీ కర్రల వైపు మళ్ళారు. 1815 తర్వాత జర్మన్, ఆస్ట్రియన్ పట్నాల్లో వచ్చిన, తర్వాతి కాలంలో బీడర్‌మయర్ అని పేరుపడ్డ సాదా సామానులోనూ ఈ లేతరంగే కనిపిస్తుంది. అక్కడ కంచు హంగులు చాలావరకు రాలిపోయి, కర్ర నారే అలంకారమైంది.

మూడో నెపోలియన్ భార్య యూజెనీకి 16వ లూయీ రాణి మరీ ఆంట్వానెట్ అంటే వల్లమాలిన అభిమానం. 1850ల నుంచి ఆమె తన భవనాల్లో 16వ లూయీ నాటి సామానుకు మళ్ళీ ప్రాణం పోయించింది. ఈసారి ఎవరూ పాంపే వైపు చూడలేదు, రీజనర్, జాకబ్‌ల పనినే నమూనాగా పెట్టుకున్నారు. ప్రాచీనుల పేరు చెప్పి మొదలైన శైలి, వందేళ్ళు తిరగకుండానే తన సొంత పేరుతో చలామణి అయింది. రోమ్ నుంచి దానికి దక్కింది స్తంభాలు, దండలు, కొన్ని బొమ్మలు మాత్రమే. మిగతాదంతా పద్దెనిమిదో శతాబ్ది వడ్రంగుల కల్పనే, మెచ్చుకోవలసిందీ దాన్నే.