పంటి తొడుగు వెల

పంటి తొడుగు ఊడితే మరమ్మతు ఖర్చు ఎక్కడైనా దంతవైద్యుని లెక్కే. నల్లగొండలో ఆ లెక్క నేల అడుగున మొదలవుతుంది. గ్రానైటు శిలల నుండి బోరునీటిలో కరిగిన ఫ్లోరైడు, పసితనంలో చిగురు కింద రూపొందుతున్న శాశ్వత దంతాల ఎనామిల్‌ను చెరుపుతుంది. ఆ మరక గార కాదు, తోమితే పోదు. దెబ్బ తీవ్రమైతే పన్ను పెళుసై విరుగుతుంది. అప్పుడు తొడుగే దిక్కు.

నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే గుర్తించారు. 1970లలో నాగపూరులోని 'నీరి' సంస్థ, పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించింది. ‘నల్లగొండ పద్ధతి’ పేరుతో అది ఆఫ్రికా దాకా వెళ్ళింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఈ జిల్లాకు నదీజలాలు తెచ్చింది. అయితే బాల్యంలో చెడిన పంటిని ఏ మంచినీరూ తిరిగి బాగుచేయలేదు. నీరు ఆలస్యమైనందుకు వడ్డీని ఆ తరం తొడుగుల రూపంలో చెల్లిస్తున్నది.