కుట్టకుండా వదిలేసిన చొక్కా

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో వెస్ట్ బ్రూక్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. 1830లలో ఒక రోజు అక్కడి చర్చి స్త్రీలు గుంపుగా కూర్చుని బట్టలు కుడుతున్నారు. మతబోధకుడు కావడానికి చదువుకుంటున్న ఒక విద్యార్థికి సాయం చేయడానికి ఆ కుట్టుపని. వాళ్ళలో లూసీ స్టోన్ అనే యువతి ఉంది. బడిలో పాఠాలు చెప్పుకుంటూ పైసా పైసా కూడబెడుతోంది. ఆ రోజు మేరీ లయాన్ వచ్చి ఆడపిల్లల చదువు గురించి మాట్లాడింది. 1837లో మౌంట్ హోలియోక్ విద్యాలయాన్ని తెరవబోయే మేరీ లయాన్ అప్పుడు దానికోసం ఊరూరా తిరిగి చందాలు పోగుచేస్తోంది. ఆ మాటలు వింటున్న లూసీకి ఒళ్ళోని చొక్కా వైపు చూస్తే ఒక లెక్క తోచింది. ఇది తొడుక్కోబోయే కుర్రాడు పాఠాలు చెప్తే వారంలో సంపాదించగలిగింది, తను నెల రోజులు చెప్పినా సంపాదించలేదు. మరి అతని చదువుకి తనెందుకు కుట్టాలి? చొక్కాని సగంలో వదిలేసింది. ఇంకెవరూ దాన్ని పూర్తి చేయకూడదని కూడా కోరుకుంది. ఆమె కూతురు ఆలిస్ స్టోన్ బ్లాక్‌వెల్ 1930లో రాసిన జీవితచరిత్రలో ఈ సంగతి ఉంది.

క్విల్టుల చరిత్ర చదవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నన్ను వదలనిది ఈ చొక్కానే. అమెరికాలో పిల్లలు హైస్కూలో డిగ్రీనో పూర్తి చేసినప్పుడు ఇంట్లోవాళ్ళు, ఎక్కువగా అమ్మలూ అమ్మమ్మలూ, తమ చేత్తో క్విల్టు కుట్టి కానుకివ్వడం ఇవాళ మామూలు విషయం. క్విల్టంటే ముక్కలు అతికిన పై గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు, మూడింటినీ కలిపి పట్టి ఉంచే కుట్టు. మన బొంతకి అక్కలాంటిది. కూతురి డిగ్రీకి అమ్మ బొంత కుట్టి ఇవ్వడం చూడటానికి ముచ్చటైన ఇంటి వేడుక, అంతే. కానీ సూదికీ చదువుకీ మధ్య నడిచిన పాత లెక్క తెలిస్తే అంత తేలిగ్గా ముచ్చటపడి ఊరుకోలేం. ఎందుకంటే చాలాకాలం స్త్రీల సూది, స్త్రీల మగ్గం పనిచేసింది మగపిల్లల చదువు కోసం.

అదే రాష్ట్రంలోని లోవెల్ పట్టణం నేతమిల్లుల సంగతి చూడండి. హారియెట్ హాన్సన్ రాబిన్సన్ పదేళ్ళ వయసులో అక్కడ పనిలో చేరింది. 1898లో అచ్చయిన ‘లూమ్ అండ్ స్పిండిల్’లో ఆమె ఆ రోజుల్ని గుర్తు చేసుకుంటూ, అన్ననో తమ్ముణ్ణో కాలేజీలో చదివించడానికే చాలామంది అమ్మాయిలు మిల్లుకి వచ్చారని రాసింది. నూలు వడికి, గుడ్డ నేసి, జీతం ఇంటికి పంపితే అక్కడ ఒక పట్టభద్రుడు తయారయ్యాడు. అక్క చదువు మాత్రం మిల్లు దగ్గరే ఆగింది.

లూసీ స్టోన్ ఇంట్లోనూ అంతే. అన్నలకి కాలేజీ చదువు దొరికింది. ఆమెకి డబ్బివ్వడానికి తండ్రి ఒప్పుకోలేదు. సొంతంగా కూడబెట్టుకుని 1843లో, పాతికేళ్ళ వయసులో ఓబర్లిన్ కాలేజీలో చేరింది. డిగ్రీ కోర్సులో స్త్రీలను మొట్టమొదట చేర్చుకున్న కాలేజీ అది. 1837లో నలుగురు చేరారు, 1841లో ముగ్గురు పట్టా అందుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఈ అంకెల దగ్గర ఆగిపోతాయి. కానీ అక్కడ సోమవారాలు తరగతులు ఉండేవి కావు. ఆ రోజు విద్యార్థినులు తోటి మగ విద్యార్థుల బట్టలు ఉతికి, చిరుగులు కుట్టిపెట్టేవారు. కాలేజీలో సీటు దొరికింది గానీ చొక్కా వెంటబడి అక్కడికీ వచ్చింది! 1847లో లూసీ పట్టా తీసుకునేటప్పుడు స్నాతకోత్సవానికి వ్యాసం రాయమని ఆమెను ఎన్నుకున్నారు. అయితే స్త్రీలు సభలో చదవకూడదు, ఆమె రాసింది మగవాడెవరైనా చదువుతాడు. అలాగైతే రాయనే రాయనంది. చొక్కా వదిలేసిన చెయ్యి కదా. 1883లో ఆ కాలేజీ యాభయ్యేళ్ళ పండగకి ఆమెనే వక్తగా పిలిచింది.

క్విల్టు అంటే పేదింటి పొదుపులోంచి పుట్టిన కళ అని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. అమెరికాలో ముక్కలు అతికిన క్విల్టులు ఇంటింటికీ చేరింది 19వ శతాబ్దంలో, మిల్లులు అచ్చు గుడ్డని చవక చేశాక. ఆ మిల్లులకు పత్తి పండించింది దక్షిణాది తోటల్లోని నల్లజాతి బానిసలు. ఒక తెల్ల గృహిణి ఒళ్ళో ఉన్న పూల ముక్కలోకి ఎవరి చేతులెన్ని వచ్చి చేరాయో చూడకుండా ‘స్త్రీల సృజన’ అని మురిసిపోవడం నాకు చేతకాదు. అలాగని ఆ సృజనని కొట్టిపారెయ్యడమూ కుదరదు. 1840ల నుంచి సంతకాల క్విల్టులు వచ్చాయి. పశ్చిమానికి వలసపోయే స్నేహితురాలికి, ఊరు విడిచి వెళ్ళే బంధువుకి, ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క మీద చెరగని సిరాతో పేరు రాసి, అన్నీ కలిపి కుట్టి ఇచ్చేవారు. ఓటరు జాబితాలో చోటులేని పేర్లు అక్కడ ఉన్నాయి. ఇవాళ్టి పరిశోధకులకి అవి ఆధారపత్రాలు.

బానిసగా పుట్టిన స్త్రీ సూది కథ వేరు. హారియెట్ పవర్స్ 1837లో జార్జియా రాష్ట్రంలో పుట్టింది. ఓబర్లిన్‌లో ఆ నలుగురు స్త్రీలు చేరిన ఏడాదే. దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు అక్షరాలు నేర్పడం నేరం. ఆమె కుట్టినవాటిలో రెండు క్విల్టులే మనకి మిగిలాయి. బైబిలు కథల్ని గుడ్డబొమ్మలుగా కత్తిరించి కుట్టిన మొదటిది 1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన పత్తి ప్రదర్శనలో జెన్నీ స్మిత్ అనే చిత్రకళా ఉపాధ్యాయిని కంటపడింది. కొంటానంటే హారియెట్ అమ్మనంది. కొన్నేళ్ళకి ఇంట్లో గడవక తనే పది డాలర్లకి ఇస్తానంది, ఐదు చేతికొచ్చాయి. అమ్మేశాక కూడా దాన్ని చూసుకోవడానికి వెళ్ళేదట. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. రెండోది బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. దాన్ని 1898లో అట్లాంటా విశ్వవిద్యాలయ అధ్యాపక వర్గపు స్త్రీలు ఛార్లెస్ కత్‌బర్ట్ హాల్ అనే మతాచార్యుడికి కానుక ఇచ్చారని చెబుతారు. నల్లజాతివారి ఉన్నత విద్య కోసం పెట్టిన ఒక విశ్వవిద్యాలయం చరిత్రలోకి క్విల్టు అలా వచ్చింది, ఒక మగ పెద్దమనిషికి కానుకగా.

చాలాకాలం పండితులు హారియెట్‌కి చదువు రాదని రాసుకుంటూ పోయారు. బొమ్మలు కుట్టింది కాబట్టి అక్షరాలు రావని తేల్చేశారు. ఆమె తన గురించి తాను చెప్పుకున్న 1896 నాటి ఉత్తరాన్ని కైరా హిక్స్ 2009లో తన పుస్తకంలో వెలుగులోకి తెచ్చింది. చదవడం నేర్చుకున్న సంగతి అందులో ఉంది. కుట్టే స్త్రీ అనగానే చదువు లేని స్త్రీ అనుకోవడం మనకీ అలవాటే కదా?

చదువుకీ బొంతకీ మధ్య గొడవని సూటిగా పట్టుకున్న కథ ఆలిస్ వాకర్ ‘ఎవ్రీడే యూజ్’. 1973లో వచ్చింది. రెండో తరగతితో చదువాగిపోయిన తల్లి, చర్చివాళ్ళ సాయంతో డబ్బు కూడగట్టి పెద్ద కూతురు డీని చదువుకి పంపుతుంది. కాలేజీకి వెళ్ళేటప్పుడు క్విల్టు ఇవ్వబోతే, పాత చింతకాయ పచ్చడి అన్నట్టు డీ వద్దంటుంది. తర్వాత అవే క్విల్టులు గోడకి తగిలించుకుంటానని అడగడానికొస్తుంది. తల్లి వాటిని లాక్కుని, ఇల్లు కదలని చిన్న కూతురు మ్యాగీ ఒళ్ళో పడేస్తుంది. క్లాసులో ఈ కథ చెప్పిన ప్రతిసారీ పిల్లలు మ్యాగీ పక్షం చేరి డీని చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని నేను. హాస్టల్‌కి వెళ్ళేరోజు అమ్మ బొంత చుట్టి ఇస్తే, రూమ్‌మేట్లందరూ కొత్త పరుపులు తెచ్చుకుంటారని ముందే తెలుసు కాబట్టి, వద్దన్నాను. డీకి ఆ సిగ్గు ఎవరు నేర్పారు? క్విల్టుని పనికిమాలినదిగా చూడమన్నది ఆ చదువే. తర్వాత దాన్నే కళాఖండంగా చూడమన్నదీ ఆ చదువే. రెండుసార్లూ కుట్టిన మనిషిని అడగలేదు.

మన దగ్గర బొంతకున్న పరువు ఎంతో భాషే చెబుతుంది. పొంతన లేని ప్రభుత్వం అతుకుల బొంత. కుదురు లేని రచన అతుకుల బొంత. ఆడవాళ్ళ ఉత్తరాలు, పాటలు, జ్ఞాపకాలు కలిపి రాసిన నా థీసిస్ మొదటి ప్రతి చూసి ఒక పెద్దాయన అన్న మాట కూడా అదే. ఎలేన్ షోవాల్టర్ 1986లో ముక్కలు అతకడానికీ స్త్రీల రచనకీ సంబంధం గురించి రాసిన వ్యాసం అప్పటికి నేను చదివి ఉంటే ఆయనకి జవాబు చెప్పేదాన్నేమో. ఇప్పుడైతే ఆ పోలిక కూడా నాకు కొంచెం అనుమానమే. రచనకి రూపకం చేసేసరికి నడుం నొప్పి మాయమైపోతుంది.

బొంత పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మెత్తబడ్డ నూలు చీరలు ఏరి, అంచులు చించి పక్కన పెట్టి, నేల మీద పొరలు పొరలుగా పరిచి, మడతలు లేకుండా చేత్తో సాపుచేసి, పెద్ద సూదితో ఒకవైపు నుంచి వరసగా కుట్టుకుంటూ రావాలి. గంటల తరబడి వంగి కూర్చోవాలి. వీధిలో కేకేసుకుంటూ వచ్చి కూలికి కుట్టిపెట్టే స్త్రీలూ ఉంటారు. బూరుగుదూది పరుపులున్న ఇళ్ళలో బొంత పనివాళ్ళకిచ్చే వస్తువు. లేని ఇళ్ళలో అదే పక్క, అదే దుప్పటి. ఏ ఇంట్లోనైనా అందరూ ఒప్పుకునే బొంత ఒకటే, పుట్టిన బిడ్డ కింద వేసేది.

దాన్నిబట్టే మన కుటుంబాలు ఆడపిల్ల జీవితంలో ఏ రోజుల్ని పండగ చేస్తాయో తెలుస్తుంది. ఓణీల వేడుక, పెద్దమనిషి అయినప్పుడు పేరంటం, ఇప్పుడైతే దానికి ఫ్లెక్సీలు కూడా. పెళ్ళి, సీమంతం, సారె. అన్నీ ఒంటికి సంబంధించినవే. డిగ్రీ పట్టాకి ఏ వేడుకా లేదు. మనలో ఎంతమందిమి స్నాతకోత్సవానికి వెళ్ళాం? ఫీజు కట్టి, కౌంటర్లో సంతకం పెట్టి ఒరిజినల్ తెచ్చుకున్నవాళ్ళమే ఎక్కువ. మా అమ్మ మెషీన్ మీద జాకెట్లు కుట్టి, చీరలకి ఫాల్స్ వేసి తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కట్టింది. లోవెల్ అమ్మాయిల గురించి చదువుతుంటే నాకు కనిపించింది ఆ మెషీనే. నా పీహెచ్‌డీ వైవాకి రమ్మంటే రాలేదు. ఆ రోజు సాయంత్రంలోగా పెళ్ళివారి జాకెట్లు ఇచ్చెయ్యాలి.

వేడుక లేదంటే ఎప్పుడూ లేదని కాదు. 1886 మార్చి 11న ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషి వైద్యపట్టా తీసుకుంటుంటే చూడటానికి, చుట్టరికం కూడా ఉన్న పండిత రమాబాయి ఇంగ్లండు నుంచి సముద్రం దాటి వెళ్ళింది. ఒక స్త్రీ పట్టా కోసం ఇంకో స్త్రీ చేసిన ఆ ప్రయాణాన్ని నేను వేడుకనే అంటాను. ఏడాది తిరక్కుండానే ఆనందీబాయి చనిపోయింది.

2019లో అమెరికాలో ఉన్న మా పిన్ని, కూతురి గ్రాడ్యుయేషన్‌కి క్విల్టు కుట్టింది. అక్కడ టీషర్టుల క్విల్టు బాగా వాడుకలో ఉంది. బడిలో, కాలేజీలో పోగుపడ్డ టీషర్టుల్లో బొమ్మ ఉన్న భాగాన్ని కత్తిరించి చదరాలుగా కలుపుతారు. ఆ గుడ్డ సాగుతుంది కాబట్టి ముందుగా వెనకవైపు, చొక్కా కాలర్లో వేసే బక్రం లాంటి పలచటి గుడ్డని ఇస్త్రీ చేసి అతికించాలి. పిన్ని చదరాల మధ్య పట్టీలుగా మా అమ్మమ్మ నూలు చీరల్ని వేసింది. వాటిలో ఒకటి అమ్మమ్మ పొలానికి కట్టుకెళ్ళిన చీర. పరుగుల పోటీ టీషర్టు పక్కన అది. వీడియో కాల్‌లో చూపించి, “నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఆగిపోయానే, మా అన్నయ్య ఫీజుతో పాటు నాదీ కట్టడం కుదర్లేదు” అంది మామూలుగా, సూదిలో దారం ఎక్కించుకుంటూ. ఈ మాట నేను మొదటిసారి వినడం అదే. స్టేడియంలో వేలమంది మధ్య కూర్చుని చెల్లెలి పేరు పిలిచినప్పుడు ఈల వేశానని తర్వాత చెప్పింది.

క్విల్టు వెనక కుట్టినవాళ్ళ పేరు, తేదీ రాసిన చిన్న గుడ్డముక్క కుట్టాలని అక్కడి క్విల్టు పుస్తకాలన్నీ చెబుతాయి. పేర్లు లేక ఎన్నో క్విల్టుల చరిత్ర పోయింది కాబట్టి. పిన్ని ఇంగ్లీషులో చెల్లెలి పేరు, యూనివర్సిటీ పేరు, సంవత్సరం కుట్టింది. తన పేరు కుట్టలేదు. “నా పేరెందుకే దాని మీద?” అంది. చెల్లెలు ఊరుకోలేదు. పిన్ని పేరూ అమ్మమ్మ పేరూ తెలుగులో ఎలా రాయాలో నన్నడిగి, నేను కాగితం మీద రాసి పంపితే, వచ్చీరాని కుట్టుతో ఆ ముక్క కిందే కుట్టుకుంది. ‘మ్మ’ వత్తు కొంచెం పక్కకి జరిగింది.

నాకూ ఒకటి కావాలని ఈ మధ్య అమ్మని అడిగాను. బీరువా అంతా వెతికి, ఉన్నవన్నీ సింథటిక్ చీరలేనని, జారిపోతాయి, బొంతకి పనికిరావని చెప్పింది. నూలువి రెండే దొరికాయి. ఇంకో మూడు కావాలట.