వంతు తప్పని ఊరు: బహ్లా

ఒమన్ రాజధాని మస్కట్ నుంచి కొండల వైపు లోపలికి 200 కిలోమీటర్లు వస్తే మా బహ్లా. నిజ్వా దాటాక పడమరగా మరో 40 కిలోమీటర్లు ప్రయాణం. జబల్ అఖ్దర్ కొండల పాదాల దగ్గర, ఖర్జూర తోటల మధ్య, మట్టితో కట్టిన పెద్ద కోట దూరం నుంచే కనిపిస్తుంది. 1987లో యునెస్కో ఈ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒమన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి చోటు ఇదే. అందుకే బహ్లా గురించి రాసినవాళ్ళంతా కోట గురించే రాశారు. లేదంటే ఇక్కడ వాడుకలో ఉన్న జిన్నుల కథలు చెప్పారు.

నాకు చెప్పాలని ఉన్నది వేరే సంగతి. ఇన్ని వందల ఏళ్ళు ఈ ఊళ్ళో మనుషులు ఒకరికొకరు ఎలా ఆసరా అయ్యారు? పిల్లలకు ఆ గుణం ఎవరు నేర్పారు, ఎక్కడ నేర్పారు? గుంటూరు జిల్లాలో ఒక ఆర్.సి.ఎం. బడిలో కన్యస్త్రీల దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు దగ్గరిది. ఇక్కడ కాపురం పెట్టి, ఊరి పెద్దల దగ్గర కూర్చుని వింటూ వచ్చాక జవాబు కూడా దొరికింది. దయ ఒక ఊళ్ళో తరాలు దాటి నిలవాలంటే మంచి మాటలు చాలవు. దానికొక వంతు ఉండాలి, ఒక చోటు ఉండాలి, ఖర్చుకు ఒక ఆధారం ఉండాలి. బహ్లా ఈ మూడూ ఏర్పాటు చేసుకుంది.

ముందు గోడ సంగతి. ఊరినీ తోటలనూ కలిపి చుట్టుకుంటూ దాదాపు 12 కిలోమీటర్ల మట్టి గోడ ఉంది. దాన్ని సూర్ అంటారు. పైన కాపలావాళ్ళు నడిచే బాట, మధ్యమధ్య బురుజులు, అక్కడక్కడ దర్వాజాలు. దీన్ని ఘైత అనే స్త్రీ కట్టించిందని ఊళ్ళో కథ. కథ ఎంతవరకు నిజమైనా, ఇంత పెద్ద గోడ పేరు చెప్పి ఈ ఊరు ఒక ఆడమనిషిని తలుచుకుంటోందంటే నాకు సంతోషం. సాధారణంగా గోడలు రాజు కోటను కాస్తాయి. ఈ గోడ మాత్రం రైతు తోటనూ, కుమ్మరి ఆవాన్నీ, పేదవాడి గుడిసెనూ లోపలికి తీసుకుంది. మట్టి గోడ ఒకసారి కట్టి వదిలేస్తే నిలిచేది కాదు. వాన పడ్డ ప్రతిసారీ కరుగుతుంది. మళ్ళీ మట్టీ గడ్డీ కలిపి తొక్కి మెత్తాలి. ఆ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

గోడ లోపల ఊరు హారాలుగా, అంటే పేటలుగా ఉంది. అల్ అఖ్ర్, అల్ ఘుజైలి, అల్ హవూలియా పాత పేటల పేర్లు. ఈ పేటలు ఎక్కడ వెలిశాయో చూస్తే వాటి వెనుక నీటి దారి కనిపిస్తుంది. ఫలజ్ అంటే దూరాన కొండల అడుగున ఉన్న నీటిని భూమి లోపల తవ్విన సొరంగ కాలువ ద్వారా, మోటారు లేకుండా, వాలు మీదే ఊళ్ళోకి రప్పించే ఏర్పాటు. ఒమన్‌లో ఇప్పటికీ 3,000కు పైగా ఫలజ్‌లు పారుతున్నాయి. వాటిలో అయిదింటిని యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన పక్కనే నిజ్వాలో ఉన్న దారిస్ ఫలజ్ వాటిలో ఒకటి. బహ్లాకు ప్రాణం పోసింది మైతా ఫలజ్.

కృష్ణా కాలువ చివరి భూముల రైతుకు నీటి వంతు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. పై ఊరి వాళ్ళు తూము దింపే దాకా రాత్రంతా గట్టు మీద కాచుకున్న మనుషులు మన ఇళ్ళల్లో ఉన్నారు. అందుకే ఫలజ్ లెక్క మొదటిసారి విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. నీరు ఊళ్ళోకి రాగానే ముందు తాగడానికి. ఆ చోట ఎవరైనా, ఏ ఊరివాడైనా కుండ నింపుకోవచ్చు, అడిగేవాడుండడు. తరవాత స్నానాలకు, మసీదులో నమాజుకు ముందు చేసే వుజూకు. ఆ పైన ఖర్జూర చెట్లకు. అన్నీ అయ్యాక ఏటా వేసే పంటలకు. పొలం నీటిని కాలంతో కొలుస్తారు. దాదాపు అరగంట పారకం ఒక అథర్. పగలు నీడ కర్రతో, రాత్రి చుక్కల నడకతో వంతు లెక్క కట్టేవారు. లెక్క చూడడానికి ఊరు నమ్మిన మనిషి ఉంటాడు. అతన్ని వకీల్ అంటారు.

ఇందులో నన్ను కదిలించింది ఒక్కటుంది. నీటి వాటాల్లో కొన్ని ఏ మనిషివీ కావు. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ములు వక్ఫ్‌గా, అంటే ధర్మానికి శాశ్వతంగా, రాసిచ్చినవి. ఆ వాటాను ఇంకొకరికి ఇస్తే వచ్చే సొమ్ము మసీదుకు, ఖురాన్ చదివించే బడికి, ఫలజ్ మరమ్మతుకు, రంజాన్‌లో ఉపవాసం విడిచేవాళ్ళ భోజనానికి వెళ్తుంది. రాసిచ్చినవాడు పోయి వందల ఏళ్ళయినా అతని అరగంట నీరు పారుతూనే ఉంటుంది, ఎవరో పిల్లవాడు దాని మీద చదువుకుంటూనే ఉంటాడు. దయకు ఖర్చు ఆధారం అని పైన అన్నది దీన్నే.

ఇక చోటు. ప్రతి పేటకూ ఒక సబ్లా ఉండేది. మన రచ్చబండకు నాలుగు గోడలూ కప్పూ వేసినట్టుంటుంది. పెళ్ళి మాటలు, చావు పరామర్శలు, పొలం తగాదాలు, దారిన పోయే అతిథికి బస, అన్నీ అక్కడే. పిల్లలకు అది మర్యాదల బడి కూడా. కహ్వా, అంటే కాఫీ, పోయడం కుర్రవాళ్ళ పని. ఎడమచేత దల్లా అనే కాఫీ కూజా, కుడిచేత చిన్న గిన్నె పట్టుకుని నిలబడే పోయాలి. అతిథి గిన్నెను కాస్త ఊపితే చాలు అని అర్థం, ఊపకపోతే మళ్ళీ పోయాలి. అంటే పోసేవాడి కళ్ళు ఎదుటివాడి చేతి మీదే ఉండాలి. ఎదుటి మనిషికి ఏం కావాలో నోరు విప్పకముందే గమనించడం పదేళ్ళ వాడికి ఇంతకంటే చక్కగా ఎలా నేర్పగలం? ఇప్పటికీ పండగ పూట ఏ ఒమానీ ఇంటికి వెళ్ళినా పెద్దలు కూర్చుని ఉంటారు, పిల్లలు ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని తిరుగుతారు. పక్కన పనికి వచ్చిన మన మేస్త్రీ కూర్చున్నా అదే వరస.

ఈ ఊరి బడుల్లో చరిత్ర గట్టిగా గుర్తుపెట్టుకున్నది ఇబ్న్ బరకా బడి. 10వ శతాబ్దపు ఇబాదీ (ఒక ముస్లిం శాఖ) పండితుడు అబూ ముహమ్మద్ ఇబ్న్ బరకా బహ్లావాసి. పేరు చివర అల్ బహ్లావీ అని ఊరి పేరు మోసినవాడు. 'జామి' అనే ఆయన ధర్మశాస్త్ర గ్రంథాన్ని ఇబాదీలు ఇప్పటికీ చదువుతారు. కలిగినవాడైన ఆయన బహ్లాలో బడి పెట్టి, తన సొంత ధనంతో విద్యార్థులను పోషించాడనీ, ఎక్కడో ఉత్తర ఆఫ్రికా నుంచి కూడా పిల్లలు వచ్చి ఇక్కడ చదువుకున్నారనీ ఇక్కడి పండితులు చెబుతారు. ఆయన శిష్యుడు అబుల్ హసన్ అల్ బిస్యావీ పక్కనున్న బిస్యా వాడే, గురువంత పేరు తెచ్చుకున్నాడు. వెయ్యేళ్ళ కిందట పరాయి దేశపు కుర్రాడు ఈ ఎడారి ఊరికి వచ్చి, భాషా యాసా వేరైనవాళ్ళ మధ్య అన్నం తిని చదువుకున్నాడంటే, ఊరంతా అతన్ని కలుపుకుంటేనే అది సాధ్యం. పరాయివాళ్ళమై వచ్చి ఇక్కడ బతుకుతున్న మాకు ఆ బడి మా పూర్వీకుల బడిలాగే ఉంటుంది.

ఆ దారి అక్కడితో ఆగలేదు. 17వ శతాబ్దం చివర్లో ఒమన్‌ను ఏలిన ఇమామ్ బిల్‌అరబ్ బిన్ సుల్తాన్ అల్ యారుబీ మా విలాయత్‌లోనే జబ్రిన్ కోట కట్టించి, దాన్ని పండితులకూ విద్యార్థులకూ నిలయం చేశాడు. ఆ ఇమామ్ సమాధి కూడా ఆ కోటలోనే ఉంది. రాజు ఇంటి కప్పు కిందే విద్యార్థులకు చోటివ్వడం ఈ నేల మర్యాద.

ఆధునిక కాలంలో ఈ దేశం చదువులో చాలా వెనకబడింది. 1970లో ఒమన్ మొత్తానికి ఉన్నవి మూడు బడులు, చదివేవాళ్ళు 909 మంది మగపిల్లలు. సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక పల్లెపల్లెకూ బడి వచ్చింది, ఆడపిల్లలు బడికి నడిచారు. మా ఊరి కోటకూ అలాంటి గండమే వచ్చింది. ప్రతి వానకూ గోడలు కూలుతున్నాయని 1988లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టింది. ఏళ్ళ తరబడి మట్టితోనే, పాత పద్ధతిలోనే బాగుచేశాక 2004లో ఆ జాబితా నుంచి తీసేశారు. 2012లో కోట తలుపులు చూడవచ్చేవాళ్ళకు తెరుచుకున్నాయి. పడిపోయినదాన్ని ఓపికగా నిలబెట్టుకోవడం ఈ ఊరికి కొత్త కాదు.

ఇక మాలాంటి క్రైస్తవుల సంగతి. బహ్లాలో చర్చి లేదు, క్యాథలిక్ బడి లేదు. మేము పూజకు మస్కట్‌లోని రువి వెళ్తాం, లేదంటే ఘలా వెళ్తాం. సుల్తాన్ ఖాబూస్ ఇచ్చిన స్థలంలో రువిలో పునీత పేతురు పౌలుల దేవాలయం 1977లో వెలిసింది. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు దేవాలయం నిండిపోతుంది. మలయాళీలు, కొంకణీలు, తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మన వాళ్ళు ఒకే వాకిట్లో కలుస్తారు. 2023లో ఒమన్, వాటికన్ దౌత్య సంబంధాలు కూడా మొదలయ్యాయి. ముస్లిం దేశం నడిబొడ్డున నా పిల్లలు శిలువ గుర్తు వేసుకుని మోకరిస్తున్నారంటే ఆ స్థలం ఇచ్చిన చేతికి నేను రుణపడి ఉన్నాను.

మన వైపు క్యాథలిక్ బడులు వచ్చిన తీరు తలుచుకుంటే ఇబ్న్ బరకా నాకు పరాయివాడు అనిపించడు. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ గారు తమిళ సీమలోని కీళచ్చేరికి కోడలుగా వెళ్ళారు. అది మన తెలుగు క్యాథలిక్కులు వలస వెళ్ళి స్థిరపడ్డ ఊరు. భర్త పోయాడు, అయిదుగురు కొడుకులు. ఆడపిల్లకు చదువెందుకనే రోజుల్లో, 1863లో ఆవిడ అక్కడ ఆడపిల్లల బడి పెట్టారు. సెయింట్ ఆన్స్ కన్యస్త్రీల సభకు ఆవిడే మూలపుటమ్మ. 1874లో కన్నుమూశారు. 2014లో ఆవిడను దైవసేవకురాలిగా (సర్వెంట్ ఆఫ్ గాడ్) ప్రకటించారు. తరవాత 1904లో హాలెండ్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. కన్యస్త్రీలు బడులు, ఆసుపత్రి నడిపారు. ఊరు కాని ఊళ్ళో, భాష కాని భాషలో, ఎవరి పిల్లలకో అన్నం పెట్టి అక్షరం నేర్పినవాళ్ళు వీళ్ళంతా.

మా బడిలోనూ దయ వంతుల మీదే నడిచింది. తరగతి ఊడ్చే వంతు, కుండలో నీళ్ళు నింపే వంతు, జ్వరంతో రాని పిల్లవాడి ఇంటికి నోట్సు తీసుకెళ్ళే వంతు ఉండేవి. ఎవరి పిల్లవాడైనా సరే, కులం చూసి వంతు మార్చేవారు కాదు సిస్టర్‌గారు. అంటరానితనం ఇంకా ఊరి బావి దగ్గర కాపలా ఉన్న పల్లెల్లో, ఒకే కుండ నీళ్ళు అందరూ తాగడం చిన్న సంగతి కాదు. ఇంట్లో అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేది. ఆదివారం అది గుడికి చేరేది, అక్కడి నుంచి లేనివాళ్ళ ఇంటికి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో మేము బెల్లంజీడి మానేసి ఆ పైసలు బడిలో పెట్టిన డబ్బాలో వేసేవాళ్ళం. పిడికెడు బియ్యానికీ అరగంట నీటి వక్ఫ్‌కూ మధ్య నాకు తేడా కనిపించదు. రెండూ మనసు మారకముందే చెయ్యి చేసేసే ఏర్పాట్లు.

ఇదంతా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. కరీంనగర్, నిజామాబాద్ నుంచి కట్టుబడి పనికి వచ్చిన అన్నలున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి వచ్చిన అక్కలున్నారు. వాళ్ళ కష్టం మనకు తెలుసు. ఎవరికైనా పని పోతే, ఎవరైనా ఇక్కడే కన్నుమూస్తే అప్పటికప్పుడు చందాలు వేస్తాం, అందరూ కదులుతారు. అది గొప్ప గుణమే. కానీ ఆపద వచ్చినప్పుడే లేచే దయకు వారసులు తయారు కారు. మన పిల్లలు చూసేది పెద్దల ఫోన్‌కాల్స్ మాత్రమే, వాళ్ళ చేతికి పని రావడం లేదు.

అందుకని నా మనవి ఇది. ఒమన్‌లో ఇండియన్ స్కూళ్ళు లాభానికి పెట్టినవి కావు. 1975లో మస్కట్‌లో మొదలై ఊరూరా తల్లిదండ్రులు కమిటీలుగా కూడి నడుపుకుంటున్నవి. నిజ్వా స్కూల్‌కి వెళ్ళే మన పిల్లలకు వంతులు పెడదాం. కొత్తగా చేరిన పిల్లవాడి పక్కన నెల రోజులు కూర్చునే వంతు, అరబ్బీ రాని అక్కతో ఆసుపత్రికి వెళ్ళి మాట సాయం చేసే పెద్ద పిల్లల వంతు, చదువు రాని అన్నకు ఇంటికి డబ్బు పంపే కాగితం నింపిపెట్టే వంతు. రంజాన్‌లో మసీదు వాకిట ఇఫ్తార్ చాపలు పరిచేటప్పుడు మన పిల్లలు కూడా వెళ్ళి నీళ్ళు అందించాలి. ఆ చాప మీద మన కార్మికులు ఎందరో, ఏ మతమని ఎవరూ అడగకుండా, కడుపునిండా తింటున్నారు. ప్రతి ఇల్లూ నెలకు ఒక రియాల్ పక్కన పెడితే, ఆపద వచ్చిన రోజు చందా పుస్తకం పట్టుకుని పరిగెత్తే అవసరం ఉండదు.

బహ్లా పెద్దలనూ ఒకటి అడుగుతున్నాను. ఎవరి పేట సబ్లా ఎక్కడుండేది, ఎవరి తాత ఏ బడికి ఎంత నీరు రాసిచ్చాడు, ఇవి మీ జ్ఞాపకంలో ఉన్నాయి. మీ మనవలతో పాటు మా పిల్లలకూ చెప్పండి, రాసుకోనివ్వండి. కోటను మట్టితో నిలబెట్టుకున్నాం. ఆ కోట కింద బతికిన మనుషులు ఒకరికొకరు చేసుకున్న మేలు కూడా ఈ ఊరి వారసత్వమే. దాన్ని నిలబెట్టే వంతు ఇప్పుడు మనది, ఇక్కడ పుట్టినవాళ్ళదీ వచ్చి చేరినవాళ్ళదీ కలిపి.