ఆర్కియా: ఒక జీవవర్గపు గుర్తింపు, నామకరణ చరిత్ర

వ్యాససంగ్రహం:
ఆర్కియా బాక్టీరియాకు భిన్నమైన జీవవర్గమని 1977లో వెల్లడైంది. ఆ గుర్తింపుకు దారితీసిన పద్ధతిని, దానికి ఎదురైన ప్రతిఘటనను, అనంతర కాలంలో పేరులో వచ్చిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లేని లక్షణాన్ని ఆధారం చేసుకొన్న వర్గీకరణ, ఉన్న భేదాన్ని ఎలా కప్పివేస్తుందో చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆర్కియా, కార్ల్ వోజ్, రైబోసోమల్ ఆర్.ఎన్.ఏ., వర్గీకరణ, పారిభాషిక పదం.

1. ఉపోద్ఘాతం:
ఒక వస్తువు ఏది కాదో చెప్పినంత మాత్రాన అది ఏమిటో చెప్పినట్లు కాదు. 1962లో రోజర్ స్టేనియర్, సి.బి. వాన్ నీల్ బాక్టీరియా భావనను నిర్వచిస్తూ కేంద్రకపూర్వ, నిజకేంద్రక కణాల భేదాన్ని స్థిరపరచారు. నిజకేంద్రక కణానికి కేంద్రకం ఉంది. కేంద్రకపూర్వ కణానికి లేదు. ఈ లేమి ఆధారంగా ఒక గూటికి చేరిన జీవులన్నీ ఒకే వంశానికి చెందినవన్న భావన బలపడింది. దానిని ప్రశ్నించినవాడు అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కార్ల్ వోజ్.

2. ప్రతుల పోలిక వంటి పద్ధతి:
సూక్ష్మజీవుల ఆకారాన్ని బట్టి వాటి బంధుత్వాన్ని తేల్చడం కష్టం. అందువల్ల వోజ్ కణంలో మాంసకృత్తులను తయారుచేసే రైబోసోమును ఎన్నుకొన్నాడు. అది ప్రతి కణానికీ అవసరం. చాలా నెమ్మదిగా మారుతుంది. అందులోని 16ఎస్ ఆర్.ఎన్.ఏ. అణువును ఎంజైముతో ముక్కలు చేసి, రేడియోధార్మిక భాస్వరం సాయంతో ఫిల్ములపై వాటి జాడలను గుర్తించి, జీవికొక పట్టిక చొప్పున తయారుచేశాడు.

తెలుగు పరిశోధకులకు ఈ తర్కం కొత్తది కాదు. ఒక కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన ఉంచి, ఏవి ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో గమనించి పరిష్కర్త వాటి మాతృకలను ఊహిస్తాడు. వోజ్ చేసినదీ అటువంటి పనే. లేఖకుడు రెండు మాతృకలను చూసి రాసినప్పుడు ప్రతుల వంశవృక్షం చిక్కుపడుతుంది. సూక్ష్మజీవులు ఒకదాని జన్యువులను మరొకటి గ్రహించినప్పుడు జీవుల వంశవృక్షమూ అలాగే చిక్కుపడుతుంది. రైబోసోము ఆర్.ఎన్.ఏ. జన్యువుల విషయంలో ఇటువంటి మార్పిడి అరుదు.

1976లో సహోద్యోగి రాల్ఫ్ వుల్ఫ్ ప్రయోగశాల నుండి మీథేన్ ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులు వోజ్ పరిశీలనకు వచ్చాయి. చెరువుల అడుగు బురదలోనూ, వరిమళ్లలోనూ, నెమరువేసే పశువుల జీర్ణాశయంలోనూ ఉండేవి ఈ కోవకు చెందినవే. బాక్టీరియా అన్నింటిలోనూ కనిపించే కొన్ని ముక్కలు వీటి పట్టికలో లేవు. 1977లో వోజ్, జార్జ్ ఫాక్స్ వీటిని ప్రత్యేక వర్గంగా ప్రకటించి ఆర్కిబాక్టీరియా అని పేరు పెట్టారు.

3. ప్రతిఘటన, అదనపు సాక్ష్యాలు:
అదే సంవత్సరం నవంబరులో ఈ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పుటలో వచ్చింది. నోబెల్ పురస్కార గ్రహీత సాల్వడార్ లూరియా వుల్ఫ్‌కు ఫోన్ చేసి, ఈ పనికి దూరంగా ఉండమని హెచ్చరించాడు. జర్మనీలో మాత్రం ఆదరణ లభించింది. బాక్టీరియా కణకవచంలో సాధారణంగా ఉండే పెప్టిడోగ్లైకాన్ వీటిలో లేదని ఒట్టో కాండ్లర్ అప్పటికే గమనించాడు. వీటి ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ నిజకేంద్రక జీవుల ఎంజైమును పోలి ఉందని వోల్ఫ్‌రామ్ జిల్లిగ్ చూపాడు. కణత్వచపు కొవ్వులలోనూ ఈథర్ బంధాలున్నట్లు తేలింది. బాక్టీరియాలో సాధారణంగా ఉండేవి ఎస్టర్ బంధాలు. ఇలా పరస్పరం సంబంధం లేని సాక్ష్యాలు ఒకే నిర్ణయాన్ని సమర్థించాయి. అయినా 1998లో ఎర్నెస్ట్ మేయర్ రెండు వర్గాల విభజనకే కట్టుబడి వోజ్‌తో వాదించాడు.

4. పేరులోని చిక్కు:
1990లో వోజ్, కాండ్లర్, మార్క్ వీలిస్ జీవకోటిని బాక్టీరియా, ఆర్కియా, యూకారియా అనే మూడు అధిక్షేత్రాలుగా విభజించారు. పాత పేరులోని 'బాక్టీరియా' అనే భాగాన్ని ఉద్దేశపూర్వకంగా తొలగించారు. కనుక ఆర్కియాను తెలుగులో 'ప్రాచీన బాక్టీరియా' అంటే, కర్తలే వదిలిన పొరపాటును మనం మళ్లీ చేర్చినట్లవుతుంది. 'ప్రాచీన' అన్న విశేషణమూ నిర్దోషం కాదు. ఆదిమ భూమి వాతావరణానికి మీథేన్ జీవుల జీవనవిధానం సరిపోతుందన్న ఊహ నుండి ఆ పేరు పుట్టింది. నేడు జీవించి ఉన్న ఆర్కియా, బాక్టీరియా, మానవుడు అందరిదీ సమానమైన వంశకాలమే.

5. మారుతున్న వంశవృక్షం:
2015లో ఆర్కిటిక్ సముద్రగర్భపు మట్టిలోని జన్యుపదార్థం నుండి లోకీఆర్కియోటా అనే సమూహం బయటపడింది. నిజకేంద్రక కణాలకే ప్రత్యేకమనుకొన్న కొన్ని మాంసకృత్తుల జన్యువులు అందులో కనిపించాయి. దీనికి దగ్గరి బంధువైన ఒక జీవిని జపాన్ శాస్త్రవేత్తలు పన్నెండేళ్లు శ్రమించి పెంచి, 2020లో ఆ వివరాలు ప్రచురించారు. నిజకేంద్రక వంశం ఆర్కియా నుండే శాఖగా చీలిందన్న అభిప్రాయం దీనితో బలపడింది. అలాగైతే మూడు అధిక్షేత్రాల విభజనను కూడా సవరించవలసి రావచ్చు.

6. ముగింపు:
కేంద్రకం లేదన్న కారణంతో బాక్టీరియాలో కలిపేసిన జీవులే కేంద్రకమున్న మన కణాలకు దగ్గరి బంధువులని తేలడం ఈ చరిత్రలోని ముఖ్యాంశం. ఆధారం మారినప్పుడు వర్గీకరణ మారాలి. వర్గీకరణ మారినప్పుడు పేరూ మారాలి. తెలుగు పారిభాషిక పదకర్త మూలపదపు అర్థంతో పాటు దాని చరిత్రనూ తెలుసుకోవాలి. ఆ దృష్టితో చూస్తే, అర్థానువాదం కన్నా 'ఆర్కియా' అన్న పదాన్నే స్వీకరించడం సమంజసం.