మూరు మార్కెట్టు: లేని అంగడిలో ఛాయాచిత్ర సంచారము

చెన్నపట్టణమును గూర్చి వ్రాయబడిన చరిత్రములలో కోటకును, కోవెలలకును, న్యాయస్థానములకును లభించిన స్థానము అంగళ్ళకు లభింపలేదు. అంగడి నిత్యము కన్నుల యెదుట నుండునది గనుక దానిని గూర్చి వేరుగా వ్రాయవలసిన పని లేదని మన పెద్దలు తలంచిరి కాబోలు. కోట పడిపోయినను దాని పటములు మిగులును. అంగడి పోయినచో మిగులునది కొన్నవారి జ్ఞాపకము మాత్రమే. ఆ జ్ఞాపకము కూడ ఒక తరమునకు మించి నిలువదు.

రాయపురమున తెలుగు పిల్లలకు తెలుగు చెప్పుట నా వృత్తి. టర్కీ దేశమున ఇస్తాంబులు నగరములో, కప్పు వేసిన ప్రాచీన మహావిపణి యొకటి కలదు. మార్గదర్శకుని వెంట యాత్రికులు కెమెరాలు చేత బట్టుకొని అందులోని సందులన్నియు తిరుగుదురు. ఎచట వెలుతురు గవాక్షము నుండి పడునో, ఏ అంగడివాని ముఖమును ఎట్లు తీయవలెనో అతడు చూపును. ఈ సంగతి చదివి వచ్చిన మా పదవ తరగతి బాలుడొకడు, “మన ఊళ్ళో అలాంటి బజారు లేదా, సార్?” అని అడిగెను. “ఉండేది” అంటిని. “అయితే పోదాం సార్” అని వాడు వెంటనే లేచెను. ఉండేది అను మాటకు అర్థము వానికి విడమరచి చెప్పవలసి వచ్చినది. అయినను పోయితిమి. పన్నెండుగురు పిల్లలు, వారి యిండ్ల నుండి అడిగి తెచ్చిన ఐదు సెల్‌ఫోనులు, మార్గదర్శకుడను నేను.

మా బడి నుండి బయలుదేరినచో మొదట కనబడునది రాయపురము రైలు స్టేషను. 1856వ సంవత్సరమున లార్డు హారిస్ గవర్నరుగా నున్నప్పుడు తెరువబడినది. దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలు ఆ యేడు జూలై 1వ తేదీన ఇచటి నుండియే వాలాజా రోడ్డునకు పోయెను. స్తంభముల వరుసతో నున్న ఆ కట్టడమును పిల్లలు తనివితీర తీసిరి. అదే 1856లో ఈ పట్టణమున ఛాయాచిత్రకారుల సంఘము కూడ ఏర్పడినది. కళాపాఠశాలను స్థాపించిన డాక్టరు అలెగ్జాండరు హంటరు దానికి మూలపురుషుడు. ఆ యేటనే లినేయస్ ట్రైపు అను సైనికోద్యోగి మద్రాసు ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారుడుగా నియమింపబడి మధుర, తంజావూరు మొదలగు స్థలముల ఆలయములను తీసెను. ఆ చిత్రములలో గోపురములు చెక్కిన శిల్పమంత స్పష్టముగా నుండును; మనుష్యులు మాత్రము అరుదు. ఆ కాలపు కెమెరా యెదుట కొన్ని క్షణములు కదలకుండ నిలువవలెను. రాయి నిలుచును, మనిషి నిలువడు, బేరమాడు మనిషి అసలే నిలువడు. మన పాతచిత్రములలో అంగళ్ళు లేకపోవుటకు ఇది మొదటి కారణము. తరువాతి కాలమున కెమెరా త్వరితమైనను అలవాటు మారలేదు. కట్టడమే చరిత్ర, మనిషి దానికి అడ్డు అను భావము నిలిచిపోయినది.

పాత జైలు రోడ్డు దాటి బ్రాడ్వే చేరితిమి. ఈ వీథికి నేటి పేరు ప్రకాశం శాలై. 1928లో సైమను కమిషను బహిష్కారమునాడు ఈ ప్రాంతముననే తుపాకుల యెదుట రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు అది. పిల్లలకు పేరు తెలియును, మనిషి తెలియడు. అంతకు పూర్వము ఇది ఒక పల్లపు కాలువ. తూర్పున ముత్యాలుపేటకును, పడమట పెద్దనాయనిపేటకును నడుమ మురుగునీరు పారెడిది. 1778లో ఈ పట్టణమునకు వచ్చిన స్టీఫెను పోఫామను న్యాయవాది దానిని పూడ్పించి వీథి వేయించెను. పోఫాము పేర ఒక మార్కెట్టు కూడ వెలసినది. పందొమ్మిదవ శతాబ్ది తుదికి అది ఇరుకై, మురికియై, పట్టణమునకు చాలనిదయ్యెను. మూరు మార్కెట్టు కథ అచట మొదలగును.

కాని దానికి ముందు కొత్వాలు చావడిని చెప్పక తప్పదు. కొత్వాలనగా నగర రక్షకాధికారి. చావడి అతని కచ్చేరీ. అధికారి పోయెను, కచ్చేరీ పోయెను, కూరగాయల సంతకు ఆ పేరు మిగిలినది. పెద్దనాయనిపేట యను పేరే తెలుగు. 1639లో ఆంగ్లేయులకు ఈ స్థలము నిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగువాడు. అతని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణమనిరి. తొలినాటి కుంపిణీ వర్తకములో పేరుమోసిన బేరి తిమ్మన్న, 1680లో మరణించిన కాసి వీరన్న మనవారే. కొత్వాలు చావడి సంత వాసవీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానపు తోటలో పెరిగినదని నగర చరిత్రకారులు చెప్పుదురు. ఆ దేవస్థానమును, దాని ధర్మసంస్థలును నేటికిని అచటనే యున్నవి. 1996లో టోకు కూరగాయల వర్తకము కోయంబేడుకు తరలిపోయినది. కిరాణా, బియ్యము, పప్పు ధాన్యముల అంగళ్ళు మాత్రము సందులలో నిలిచియున్నవి.

అచట ఒక చిన్న సంఘటన జరిగినది. మా బాలుడు (ముందు చెప్పిన వాడే) ఒక కొట్టు గుమ్మమునకు ఫోను గురిపెట్టి వరుసగా తీయుచుండెను. లోపల త్రాసు ప్రక్కన కూర్చున్న వృద్ధుడు చేయెత్తి, “ఏం బాబూ, నన్ను అడగొద్దా?” అనెను. వాడు సిగ్గుపడి, “మిమ్మల్ని కాదు తాతా, పైన బోర్డు తీస్తున్నాను” అనెను. వృద్ధుడు నవ్వి, “బోర్డు తీస్తే సరిపోయిందా? చదవడం వచ్చునా?” అనెను. గుమ్మముపై సున్నపు పూతల క్రింద ఎఱ్ఱరంగు అక్షరములు సగము మాసియుండెను. వాడు కూడబలుకుకొని “కిరాణా... దినుసులు” అని చదివెను. తరువాతి పదము రాలేదు. వృద్ధుడే చెప్పెను: “చిల్లర, టోకు.” అది తన తండ్రి వ్రాయించినదనియు, తన మనుమలకు ఆ అక్షరములు రావనియు, వచ్చు దీపావళికి గోడకు కొత్తరంగు వేయింతుననియు చెప్పెను. దానిలో దుఃఖమేమియు లేదు. గోడ పాతదైనది, రంగు వేయవలెను, అంతే. పిమ్మట తానే లేచి గుమ్మమున నిలిచి, “ఇప్పుడు తియ్యి” అనెను. ఆ దినమున తీసిన చిత్రములలో మనిషియు, అక్షరమును కలిసి పడినది అదొక్కటే.

నేను మార్గదర్శకుడనని చెప్పుకొంటిని గదా. అడిగి తీయవలెనని పిల్లలకు ముందుగా చెప్పవలసినది నేను, చెప్పలేదు. అంగడివాడు చెప్పెను.

వాల్‌టాక్సు రోడ్డు మీదుగా సెంట్రల్ స్టేషనుకు నడచితిమి. (పట్టణపు గోడ కర్చులకై ఒక పన్ను వేయదలచిరట, పన్ను సరిగా వసూలు కాలేదు, పేరు మాత్రము వీథికి తగులుకొన్నది.) సెంట్రల్ ప్రక్కన సబర్బను రైళ్ళ నిలయము ముందు ఆగి, “ఇదే మూరు మార్కెట్టు” అంటిని. పిల్లలు నా ముఖము చూచిరి.

1898లో నగరపాలక సంఘాధ్యక్షుడు సర్ జార్జి మూరు దీనికి శంకుస్థాపన చేసెను. ఆర్. ఇ. ఎల్లిసు రూపకల్పన, ఏ. సుబ్రహ్మణ్య అయ్యరు కట్టడము. 1900లో గవర్నరు సర్ ఆర్థరు హావెలాకు తెరచెను. ఎఱ్ఱ ఇటుక గోడలు, కమానులు, హిందూ మహమ్మదీయ శైలుల మేళవింపు. మొదట పోఫాము మార్కెట్టులోని వర్తకులకై కట్టినదే యైనను, కాలక్రమమున సర్వవస్తువులకును ఆటపట్టయ్యెను. బట్టలు, బొమ్మలు, పంజరములలో చిలుకలు, కుక్కపిల్లలు, గ్రామఫోను పలకలు, అన్నిటికిని మించి పాతపుస్తకములు. చెప్పిన ధరలో సగమునకు అడుగుట అచటి మర్యాద. మూడవ వంతునకు అడుగుట నేర్పు.

మా తండ్రిగారు హార్బరులో గుమాస్తా. జీతము వచ్చిన వారమున మూరు మార్కెట్టునకు పోయి ఒక పుస్తకమైనను తెచ్చెడివారు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము మా యింటికి అట్లు వచ్చినదే. వెన్ను విరిగి, అట్ట పోయి, ఎవరో విద్యార్థి యొక్క సిరా మరకలతో వచ్చినది. 1885లో ఈ పట్టణముననే వెలువడిన ఆ నిఘంటువు, చేతులు మారి చేతులు మారి, ఈ పట్టణముననే మరల అంగటి కెక్కి, నాకు జీవనాధారమైనది. నేను నేటికిని తరగతిలో దానినే తెరతును. మూరు మార్కెట్టు యొక్క ఛాయాచిత్రమేదియు మా యింట లేదు. ఆ పుస్తకమే యున్నది.

1985 మే 30వ తేదీన మూరు మార్కెట్టు కాలిపోయెను. నాకప్పుడు ఐదేండ్లు. తండ్రిగారు మరునాడు పోయి చూచి వచ్చి, భోజనము చేయకుండ పండుకొనుట మాత్రమే నాకు జ్ఞప్తి. రైల్వేవారికి ఆ స్థలము కావలయునను ప్రస్తావన అంతకుముందే యుండుటచే పలువిధములైన అనుమానములు వినబడెను. వాటిని విచారించుట ఈ వ్యాసపు పని కాదు. స్థలమున రైలు నిలయము లేచినది. వర్తకులకు సమీపమున అల్లిక్కుళములో చోటిచ్చిరి. కట్టడపు చిన్న నమూనా నొకదానిని బయట నిలిపిరి. రైళ్ళ పట్టికలో మూరు మార్కెట్టు పేరు మిగిలినది. కొత్వాలు పేరు మిగిలినట్లే.

ఇస్తాంబులు విపణి చరిత్రము ఇచట పోల్చి చూడదగియున్నది. రెండవ మహమ్మదు సుల్తాను ఆ నగరమును గెలిచిన కొన్నియేండ్లకే, 1450 ప్రాంతపు దశాబ్దిలో, దాని నడిమి భాగము మొదలైనది. 1894లో భూకంపము దానిని పాడుచేసెను. 1954లో అగ్ని దహించెను. అయిదేండ్లలో మరల బాగుచేసిరి. పంతొమ్మిదవ శతాబ్దిలోనే అబ్దుల్లా సోదరులవంటి ఛాయాచిత్రకారులు ఆ నగరమును పటములకెక్కించిరి. రెండవ అబ్దుల్ హమీదు సుల్తాను తన రాజ్యపు చిత్రములను యాబదికి పైగా సంపుటములుగా కట్టించి అమెరికా గ్రంథాలయమునకు పంపెను. కాలినను కట్టుదమను నిశ్చయము వారి కుండెను.

అంత దూరమేల? హైదరాబాదులో ఏడవ నిజాము కాలమున 1935లో వెలసిన మొజంజాహీ మార్కెట్టు నల్లరాతి కట్టడము. దాని పేరున కెక్కిన మొజంజా, ఉస్మానీ వంశపు రాకుమారి నీలోఫరును 1931లో వివాహమాడినవాడు. టర్కీతో మనకు బాంధవ్యము లేకపోలేదు! ఆ కట్టడము శిథిలమగుచుండగా బాగుచేసి 2020 ఆగస్టులో మరల ప్రజల కిచ్చిరి. కావున మనదేశమున అది సాధ్యము కాదనుట చెల్లదు.

మూరు మార్కెట్టు యొక్క చిత్రములు లేవని నేననను. నేను చూచినవానిలో అధికభాగము గత శతాబ్ది మొదటి దశాబ్దుల తపాలా కార్డులు. బాట మీద నిలిచి తీసిన ఎఱ్ఱ కమానులు, ముందొక జట్కా బండి. లోపలి పాతపుస్తకముల వరుస, బేరమాడు చేతులు, కుప్పలో తెలుగు పుస్తకము కనబడిన క్షణమున కొనువాని ముఖము, వీనిని నేనెచటను చూడలేదు. అంగడి యనగా నాకు అవియే.

మా బడి సంగతి కూడ దీనితో ముడివడియున్నది. 2006లో వచ్చిన చట్టముచే ఈ రాష్ట్రమున తమిళము క్రమముగా అన్ని బడులలో తప్పనిసరి పాఠమైనది. తమిళము నేర్చుటలో దోషము లేదు. ఈ ఊరిలో బ్రతుకు ప్రతి తెలుగువాడును దానిని మాట్లాడును, నేనును మాట్లాడుదును. కాని పిల్లవాని దినమునకు గంటలు కొన్నియే. తల్లిదండ్రులు తెలుగును వదలుకొనుట సులభమని తలంచుచున్నారు. మా తరగతులు ఏటేట చిన్నవగుచున్నవి. గోడమీది అక్షరము సున్నముచే పోవుట ఒకటి; చదువువాడు లేక పోవుట మరియొకటి. రెండవది కెమెరాకు చిక్కదు.

సభ్యమహాశయుల యిండ్ల పెట్టెలలో 1985కు పూర్వపు చిత్రములు తప్పక యుండును. పెండ్లికి పసుపు కుంకుమలు కొనబోయినపుడు కొత్వాలు చావడిలో తీయించుకొన్నదో, పండుగనాడు మూరు మార్కెట్టులో బొమ్మతో నిలిచిన బిడ్డదో. అందలి మనుష్యుల పేర్లు, సంవత్సరము, అంగడి యేదో వెనుక వ్రాసి యొక ప్రతిని సంఘమున కియ్యవలెనని కోరుచున్నాను. పేరు వ్రాయనిచో ఆ చిత్రము మరొక తపాలా కార్డగును. అట్లే జార్జిటౌను సందులలో మిగిలిన తెలుగు పలకలను, అంగడివారి అనుమతితో, తీసి యుంచు పనిని మా పిల్లలు మొదలుపెట్టిరి. ఇంతవరకు పదునేడు దొరకినవి. కిరాణా కొట్టు వృద్ధునికి ఆయన చిత్రమును అచ్చు వేయించి ఇచ్చి వచ్చితిమి. దీపావళికి గోడకు రంగు పడినది. చిత్రము మాత్రము త్రాసు వెనుక, దేవుని పటముల ప్రక్కన తగిలించియున్నది.